పాదపీఠం మీద సంతకం

మొఘల్ సూక్ష్మచిత్రాల్లో ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నదే సగం కథ చెబుతుంది. 1615-18 ప్రాంతంలో బిచిత్ర్ గీసిన చిత్రంలో జహంగీర్ ఇసుక గడియారంపై కూర్చుని సూఫీ గురువు షేక్ హుసేన్‌కు గ్రంథం అందిస్తుంటే, ఆ వృద్ధుడు చక్రవర్తి చేతిని తాకకుండా దానిని తన వస్త్రంలోకి స్వీకరిస్తున్నాడు. ఆయనకు దిగువన చేతులు జోడించిన ఉస్మానియా (ఒట్టోమన్ తుర్కీ) సుల్తాను, ఆ కింద ఇంగ్లండు రాజు జేమ్స్. వీరిలో జేమ్స్ ఆ దర్బారులో ఏనాడూ అడుగుపెట్టలేదు. అందరికంటే అడుగున బిచిత్ర్ తన్ను తానే చిత్రించుకున్నాడు. అతని చేతిలోని బుల్లి చిత్రంలో రెండు గుర్రాలు, ఒక ఏనుగు, వంగి సలాము చేస్తున్న మనిషి ఉన్నాయి. సంతకం మాత్రం చక్రవర్తి పాదం మోపే పీట మీద పెట్టాడు. దీనిని వినయమనే అనుకోవచ్చు గానీ, నాకైతే అందులో కాస్త గడుసుతనమూ కనిపిస్తుంది.