బ్రౌన్ దొర ఇంటిపేరు

సి.పి. బ్రౌన్ కడపవారికి ఎంత సొంతమైపోయాడంటే, బ్రౌన్ అన్నది ఆయన ఇంటిపేరన్న సంగతే మనకు తట్టదు. ఎర్రముక్కపల్లెలో గ్రంథాలయం ఆ పేరు మీదే ఉంది. ఆయన నిఘంటువును మన పండితులు బ్రౌణ్యమని పిలుచుకున్నారు. ఆయన సొంత పేరు చార్లెస్ ఫిలిప్. మన ఇంటిపేరు ముందు వస్తే వారిది చివర వస్తుంది కనుక, తండ్రి డేవిడ్ నుండి వచ్చిన పేరే ఇక్కడ ఆయనకు అసలు పేరుగా స్థిరపడింది.

ఇంగ్లండులో ఫ్రాన్సు నుండి దండెత్తి వచ్చిన నార్మన్లు 1066లో గెలవడానికి ముందు వంశపారంపర్యమైన ఇంటిపేర్లు దాదాపు లేవు. పన్నులు, భూముల వారసత్వం, కోర్టు దస్తావేజులు పెరిగేకొద్దీ ఒకే ఊళ్లోని నలుగురు విలియంలను వేరుచేసి రాయవలసిన అవసరం కలిగి, ఊరిని బట్టి, వృత్తిని బట్టి, తండ్రి పేరును బట్టి, రూపాన్ని బట్టి వచ్చిన గుర్తులు క్రమంగా కొడుకులకూ మనుమలకూ సంక్రమించాయి. 14వ శతాబ్దం ముగిసేనాటికి ఈ పద్ధతి ఇంగ్లండులో చాలావరకు కుదురుకుంది. బ్రౌన్ వీటిలో చివరి తెగకు చెందినది: జుట్టో, ఒంటి చాయో, కట్టే బట్టో ముదురు గోధుమ రంగులో ఉన్నవాడికి ఇరుగుపొరుగు పెట్టిన పేరు. పాత ఇంగ్లీషులో అది బ్రూన్. నార్మన్లు తెచ్చిన ఫ్రెంచిలోనూ బ్రూన్ అనే ఉండడం వల్ల, ఒక్కొక్క కుటుంబానికి అది ఏ దారిన వచ్చిందో చెప్పడం కష్టం. కొన్నిచోట్ల బ్రూన్ అనేది ఇంటిపేరుగా కాక సొంత పేరుగా కూడా ఉండేది. బ్రున్, బ్రౌన్‌ల నడుమ వర్ణక్రమం శతాబ్దాల పాటు నిలకడ లేక తిరిగింది. చివర ఒక అక్షరం అదనంగా చేర్చుకున్నవారు నేటికీ ఉన్నారు.

మన నల్ల, ఎర్ర, తెల్ల వంటి ఇంటిపేర్లు ఎరిగినవారికి ఇదంతా వింతగా తోచదు. తేడా ఉన్నది బంధుత్వం దగ్గర. ఇంటిపేరూ గోత్రమూ ఒకటైతే మనం దాయాదులమనుకొని పెళ్లి మాట ఎత్తము. బ్రౌన్‌లలో అటువంటి కట్టుబాటు లేదు, ఉండే వీలూ లేదు. ముదురు రంగు మనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు కనుక ఆ పేరు వందల చోట్ల విడివిడిగా పుట్టింది. స్కాట్లండులోనైతే అక్కడి పాత భాష గేలిక్‌లో న్యాయాధికారి కుమారుడు అని అర్థమిచ్చే పేరును కూడా కొందరు బ్రౌన్‌గా మార్చుకున్నారు, అంటే అక్కడ రంగుతో పనే లేదు. అమెరికాలో బానిసత్వం నుండి విడుదలైన కుటుంబాలు కూడా ఎన్నో ఈ పేరు పెట్టుకున్నాయి. బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ అది మొదటి పది ఇంటిపేర్లలో ఒకటి కావడానికి కారణం ఒక మహావంశం విస్తరించడం కాదు.

అందువల్ల మన దొర పూర్వీకులను వెదకదలచినవారికి ఇంటిపేరు ఒక్కటే చాలదు. ఆయన 1798లో కలకత్తాలో పుట్టినా, అక్కడ క్రైస్తవ మతగురువుగా పనిచేసిన తండ్రి ఇంగ్లండులోని యార్క్‌షైరు నుండి వచ్చినవాడు. ఇంగ్లండులో 1538 నుండి చర్చి పరిధుల వారీగా బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు నమోదు చేయించారు. యార్క్‌షైరులో డేవిడ్ పుట్టిన ఊరిని ముందుగా పట్టుకొని, అక్కడి చిట్టాలో తండ్రి, తాత అంటూ ఒక్కొక్క తరమే వెనక్కి పోవాలి. బ్రౌన్ అని కనబడ్డ ప్రతివాడినీ వంశవృక్షంలో చేర్చుకుంటూ పోతే, అది యార్క్‌షైరు జనాభా లెక్క అవుతుంది.