గ్రిడ్డు మీద ఎనిమిది వోల్టులు

వీధిలో మోటార్లు మొదలుకాక ముందే మెయిన్స్, అంటే ఇంటికి వచ్చే కరెంటు వోల్టేజీ, కొలవాలని ఈ ఉదయం ఐదింటికే లేచాను. మీటరులో 231. వారం రోజులుగా నేను నిందిస్తున్నది మా ఇంటి కరెంటునే. సాయంత్రాలు వోల్టేజీ పడిపోవడం వల్లే నేను కట్టుకున్న గిటార్ యాంప్లిఫయర్ పది నిమిషాలకే గొంతు బొంగురుపోతోందని అనుకున్నాను.

అందులో ఉన్నవి మూడే వాల్వులు (పాతకాలం గాజు గొట్టాలు): నాదాన్ని మొదట పెంచే 12ఏఎక్స్7, స్పీకరును నడిపే 6వీ6, కరెంటును డీసీ చేసే 5వై3. 6వీ6లో కాథోడ్ నుంచి ప్లేటుకు పోయే ఎలక్ట్రాన్లను మధ్యలో ఉన్న గ్రిడ్డు అదుపు చేస్తుంది. 6వీ6 ప్లేటు దగ్గర 340 వోల్టులు రావాలి. తెల్లవారుజామున, మెయిన్స్ నిండుగా ఉన్నప్పుడు కూడా 310 దగ్గరే నిలిచింది. అంటే లోపం పెట్టెలోనే ఉంది.

అప్పుడు కాథోడ్ చూశాను. అక్కడి 470 ఓముల రెసిస్టర్ మీద 19 వోల్టులు ఉండాలి, 26 ఉన్నాయి. మెయిన్స్ తగ్గితే ఇదీ తగ్గాలి కదా! పెరిగిందంటే వాల్వు ఎక్కువ కరెంటు లాగుతున్నట్టే. 40 మిల్లీ ఆంపియర్లకు బదులు 55. ప్లేటు మీద 15 వాట్లు దాటుతోంది, ఆ వాల్వు ఓర్చుకునేది 14. గదిలో లైటు ఆర్పి చూశాను. గాజు లోపల బూడిదరంగు ప్లేటు అంచున చిన్న ఎర్రమచ్చ, కుంపట్లో నివురు కింద నిప్పులా. వెంటనే స్విచ్ కట్టేశాను.

మా విజయనగరం గంటస్తంభం దగ్గర ఒకప్పుడు వాల్వు రేడియోలు బాగుచేసిన మాస్టారికి ఫోను చేశాను. అంకెలు పూర్తిగా చెప్పకముందే, "గ్రిడ్డు మీద కొలిచావా బాబూ?" అన్నారు.

"లేదండీ."

"కొలువు. సున్నా లేకపోతే కండెన్సర్ ఒక కాలు విప్పు."

గ్రిడ్డు మీద ఎనిమిది వోల్టులు. మొదటి వాల్వు నుంచి వచ్చే నాదాన్ని మాత్రమే వదిలి, దాని ప్లేటు మీది డీసీని ఆపవలసిన కండెన్సర్ కారుతోంది. అందుకే 6వీ6 అంత కరెంటు లాగుతోంది.

ఆ కండెన్సర్ నాన్న రేడియోలోది. కాగితం చుట్టి మైనం పూసినది. కొత్తది దానిలో వేసి, ఇది నేను తెచ్చుకున్నాను. విశాఖపట్నం కేంద్రం నుంచి వచ్చిన కచేరీలన్నీ నాన్న దీని గుండానే విన్నారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన ఊరు మాది. నా గిటారు తీగ కూడా అదే దారిలో పలకాలని ఆశపడ్డాను.

స్విచ్ కట్టేసినా ఫిల్టరు కండెన్సర్లలో చార్జి ఉంటుంది. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని, రెసిస్టర్ ద్వారా దించాను. మీటరులో 300, 140, 60, 9, 2. ఆ అంకెలు దిగుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టే ఉన్నాను. ఒక కాలు విప్పి మళ్లీ స్విచ్ వేస్తే గ్రిడ్డు మీద సున్నా, కాథోడ్ మీద 19, ప్లేటు దగ్గర 338. మళ్లీ చార్జి దించి, 0.022 మైక్రోఫారడ్, 630 వోల్టుల పాలియెస్టర్ కండెన్సర్ టంకం పెట్టాను.

సాయంత్రం గంటసేపు వాయించాను. గొంతు మారలేదు, ఎర్రమచ్చ లేదు.

నాన్న రేడియోలో అలాంటి మైనపు కండెన్సర్లు ఇంకా నాలుగున్నాయి. దాని ప్లగ్గు తీసి తీగ చుట్టి పెట్టాను. మాస్టారు ఆదివారం వస్తానన్నారు.