ఎఫ్‌పీ-344 అనే సరుకుల ఓడ కథ

యూఎస్ఎస్ ప్యూబ్లో అనగానే 1968లో ఉత్తర కొరియా పట్టుకుపోయిన అమెరికా గూఢచారి ఓడ అని చాలామందికి తెలుసు. కానీ అది పుట్టింది మాత్రం సరుకులు మొయ్యడానికి, నాకైతే ఆ ముందు కథే ఎక్కువ నచ్చుతుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఆర్మీకి సొంత ఓడలు బోలెడుండేవి (నేవీకి కాదండీ, ఆర్మీకే). పెద్ద ఓడలు పెద్ద పోర్టులో సరుకు దింపేసి పోతే, అక్కణ్ణుంచి చిన్న చిన్న రేవులకీ దీవులకీ తిండీ మందుగుండూ చేరేసే పని ఈ పొట్టి ఓడలది. వాటికి పేర్లు కూడా పెట్టలేదు, ఉత్త నంబర్లే. మన ఎఫ్‌పీ-344 (తర్వాత ప్యూబ్లో అయింది ఇదే) అలాంటిదే, 1944 ఏప్రిల్‌లో విస్కాన్సిన్‌లో మిషిగన్ సరస్సు ఒడ్డునున్న కెవానీ అనే చిన్న ఊళ్ళో నీళ్ళలోకి దించారు. పొడవు 54 మీటర్లు, రెండు డీజిల్ ఇంజిన్లు, స్పీడు 12-13 నాట్లు (గంటకి 22-24 కిలోమీటర్లు) అంతే.

1945 ఏప్రిల్‌లో న్యూ ఆర్లీన్స్‌లో డ్యూటీకెక్కేసరికి యుద్ధం చివరికొచ్చేసింది, కోస్ట్ గార్డ్ వాళ్ళు నడుపుతుంటే దాంట్లో ఆర్మీకి పనిచేసే సివిలియన్లకి ట్రైనింగ్ ఇచ్చారు. 1954లో పక్కన పెట్టేశారు. పదేళ్ళు కూడా నిండలేదు.

మళ్ళీ 1966లో నేవీకి గుర్తొచ్చింది. సోవియట్ వాళ్ళు చేపల ఓడల్లా కనిపించేవాటితో సిగ్నల్స్ వింటున్నారు కదా, మనమూ చవగ్గా పాత ఓడలు మార్చుకుందాం అని వీళ్ళ ప్లాను. యాంటెన్నాలు పెట్టారు, రహస్య కాగితాలు కుక్కారు, కానీ ఒళ్ళు మాత్రం అదే సరుకుల ఓడది కదా! స్టీరింగ్ మాటిమాటికీ మొరాయించేది, ఆపదొస్తే అన్నీ త్వరగా నాశనం చేసే ఏర్పాటు కావాలని కెప్టెన్ లాయిడ్ బుకర్ అడిగితే ఇవ్వలేదు, ఆయుధాలంటే రెండు మెషీన్ గన్లు, అవి కూడా మంచు పట్టిన టార్పాలిన్ల కింద. 1968 జనవరి 23న ఉత్తర కొరియా రేవు వాన్సాన్ దగ్గర ఆ దేశం పడవలు చుట్టుముట్టాయి. మా సముద్రంలోకొచ్చారని వాళ్ళు, అంతర్జాతీయ జలాల్లోనే ఉన్నామని వీళ్ళు. ఆ స్పీడుతో ఎక్కడికి పారిపోతారు చెప్పండి? కాగితాలు కాల్చడం కూడా పూర్తి కాలేదు. 83 మందిలో ఒకతను చనిపోయాడు, మిగతా 82 మంది 11 నెలలు చెరలో చిత్రహింసలు పడి డిసెంబర్‌లో బయటపడ్డారు. తప్పు నాకు బుకర్‌లో కన్నా ఆ ఓడని అక్కడికి పంపినవాళ్ళలోనే ఎక్కువ కనిపిస్తుంది.

ఓడ మాత్రం తిరిగి రాలేదు, ఇప్పుడు ప్యాంగ్యాంగ్‌లో మ్యూజియం. దీనికంటే ముందు ఇదే పని చేసిన బ్యానర్ అనే ఓడ కూడా కెవానీలోనే తయారైంది, నంబరు దీని పక్కదే, 345. అది క్షేమంగా తిరిగొచ్చింది, 1969లో రిటైర్ చేసి తుక్కుకి అమ్మేశారు.