టబ్బులో ముక్కు పురుగులు: మూడో నెల

మిద్దె మీద టబ్బులో గుర్రపుడెక్క వేసి, దాన్ని తినే నియోకెటినా అనే ముక్కు పురుగుల్ని పెంచుతున్నాను. ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్పేస్తాను. గుర్రపుడెక్క వేళ్లకి నల్లగా బురద పట్టిందని, పోయిన నెల మొక్కలన్నీ పైకి తీసి పైపుతో శుభ్రంగా కడిగేశాను. తర్వాత తెలిసింది, ఈ నియోకెటినా పురుగు గూడు కట్టేది ఆ వేళ్లలోనే అని. పిల్లపురుగుకి కాళ్లుండవు, కాడ లోపల తొలుచుకుంటూ మొదలుదాకా వస్తుంది. ప్యూపా (పెద్ద పురుగుగా మారే ముందు దశ) అయ్యేటప్పుడు మాత్రం నీళ్లలోకి దిగి, సన్నటి వేళ్లని చుట్టుకుని మిరియపు గింజంత గూడు అల్లుకుంటుంది. రెండు నెలల కష్టం తూములోకి పోయింది.

మళ్లీ మొదలు. ఊరి చెరువు గట్టున, ఆకుల మీద గోకినట్టు చిన్న చిన్న మచ్చలున్న మొక్కలు ఏరి, 12 పురుగులు తెచ్చాను. పగలు కనపడవు, ఇంకా విచ్చుకోని లేత ఆకు చుట్టలో, కాడల సందుల్లో దాక్కుంటాయి. ముట్టుకుంటే కాళ్లు ముడిచేసి చచ్చినట్టు పడిపోతాయి. వీపు మీద లేతరంగు 'వి' ఆకారం పట్టీ ఉంటే బ్రూకీ అనే జాతి అట, నా దగ్గర 4 అవే. మిగతావి ఐకార్నియే అనే రెండో జాతి అనుకుంటున్నాను. "బియ్యంలో పురుగులు చాలవా?" అని అమ్మ నవ్వింది. వీటిని 1980ల మొదట్లో మన దేశానికి తెప్పించింది గుర్రపుడెక్కని అదుపు చెయ్యడానికేనని చెప్పినా ఆవిడకి నమ్మకం కుదరలేదు.

టబ్బు 60 లీటర్లది. వారానికి అర మగ్గు పలచటి పేడ నీళ్లు పోస్తున్నాను, మొక్క బలంగా ఉంటేనే పురుగుకి తిండి. దోమలకి నాలుగు గప్పీ చేపలు వేశాను. పైన దోమతెర కట్టాను. పక్కన కూరగాయల కుండీలకి వేపనూనె కొట్టడం మానేశాను, గాలికి ఇటు పడితే అంతే. తీసేసిన మొక్కల్ని కాలువలో వెయ్యను, మిద్దె మీదే బాగా ఎండబెట్టి కంపోస్టులో కలుపుతున్నాను. ఒక్క ముక్క నీళ్లకి చేరినా చెరువంతా పాకేస్తుంది.

నిన్న రాత్రి పది దాటాక ఫోన్ టార్చి వేసి చూశాను. ఆకు అంచున ఒకటి, బియ్యపు గింజంత పొడవు, బూడిద రంగు. ముక్కు ఆకుకి ఆనించి పైపొర గీకుతోంది. కాసేపటికి అది జరిగితే కింద చిన్న చతురస్రం మచ్చ మిగిలింది. ఒక్క ఆకు మీదే 30 దాకా లెక్కపెట్టాను. వేళ్ల జోలికి ఇంకో నెల వెళ్లను.