రాడార్‌లో పసుపు మచ్చ, డాబా మీద వడియాలు

మొన్న ఆదివారం అమ్మ డాబా మీద పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టింది, నేనేమో ఫోన్‌లో వాతావరణ శాఖ రాడార్ బొమ్మ చూసి మా కాకినాడ మీద వాన ఉన్నట్టు పసుపు మచ్చ కనపడగానే పైకి పరిగెత్తి చీరతో సహా మూటకట్టి కిందకి తెచ్చేశా. పచ్చి వడియాలు కదా, సగం ఒకదానికొకటి అంటుకుని ముద్దైపోయాయి. వాన మాత్రం ఒక్క చుక్క పడలేదు. "నువ్వూ నీ రాడారూ" అని ఇంకా దెప్పుతూనే ఉంది.

తప్పెవరిదో తేల్చుకుందామని కూర్చుని చదివా. మాకు దిక్కు రెండు రాడార్లు, ఒకటి వైజాగ్ కైలాసగిరి మీద, ఇంకోటి మచిలీపట్నంలో, మా ఖర్మేంటంటే రెండూ ఇంచుమించు 145 కిలోమీటర్ల దూరమే. రాడార్ దాదాపు 10 సెంటీమీటర్ల పొడవున్న రేడియో తరంగాన్ని ఒక్క విసురు విసిరి ఆపేసి చెవి పెట్టి వింటుంది, చినుకులకి తగిలి కొంచెం వెనక్కొస్తుంది, వచ్చిన టైమ్‌ని బట్టి దూరం, డిష్ ఎటు తిరిగి ఉందో అదే దిక్కు. మా ఊరికి రానూపోనూ సెకనులో వెయ్యో వంతే!

రంగు చెప్పేది కింద ఎంత వాన పడుతోందని కాదు, తిరిగొచ్చిన తరంగం ఎంత గట్టిగా ఉందని. చినుకు సైజు డబులైతే అది 64 రెట్లు పెరుగుతుందట. ఇంకో తిరకాసుంది, కిరణాన్ని అర డిగ్రీ పైకెత్తి వదులుతారు, పైగా భూమి గుండ్రం, మా నెత్తి మీదకొచ్చేసరికి అది రెండున్నర కిలోమీటర్ల ఎత్తులో పోతుంటుంది. అంటే పైన చినుకులున్న మాట నిజమే, మా డాబా దాకా రాకుండా మధ్యలో పొడిగాలికి ఆరిపోయి ఉంటాయి.

వీటిని డాప్లర్ రాడార్లంటారు, ఆ డాప్లర్ సంగతి కూడా చెప్పాలి. రైలు దగ్గరకొస్తుంటే కూత సన్నగా, దాటాక బొంగురుగా వినపడుతుంది చూడండి, అలాగే చినుకులు రాడార్ వైపు వస్తున్నాయా పోతున్నాయా అన్నది తరంగంలో తేడాని బట్టి పట్టేస్తారు, తుఫాను గాలి వేగం అలాగే తెలుస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి ఆ కైలాసగిరి రాడార్‌నే దెబ్బకొట్టింది, సరిగ్గా అవసరమైన రోజే.

ఇప్పుడు పసుపు కనపడితే ముందు డాబా ఎక్కి మబ్బు చూస్తున్నా. అమ్మ మాత్రం ఈసారి వడియాలు పిన్నివాళ్ళ డాబా మీద పెట్టుకుంటానంది.