పాలరాతి కంటికి చూపు ఎక్కడి నుంచి వస్తుంది?

ముఖం ఎంత బాగా పోలినా, చూపు కుదరకపోతే పాలరాతి బస్టుకు (తల, భుజాల వరకే చెక్కే విగ్రహానికి) ప్రాణం రాదు. మన కంట్లో నల్లగుడ్డుకు రంగుంది, రాయికి లేదు. రోమన్లు మొదట్లో విగ్రహం కళ్ళకు రంగు వేసేవారు. హేడ్రియన్ చక్రవర్తి కాలం (117–138) నుంచి నల్లగుడ్డును గీతగా చెక్కి, దాని మధ్యనున్న కంటిపాపను గుంటగా తొలచడం వాడుకలోకి వచ్చింది. రంగు చేసే పని నీడకు అప్పజెప్పారన్నమాట. తర్వాతి రోమన్ చక్రవర్తి కారకల్లా విగ్రహాల్లో దానికి ముడిపడ్డ కనుబొమలు, విసురుగా పక్కకు తిప్పిన తల తోడయ్యాయి.

పదిహేడో శతాబ్దపు యూరప్‌లో బరోక్ శైలి శిల్పులు అందిపుచ్చుకున్నది ఇదే. 1665లో పారిస్‌లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ బస్టు చెక్కుతూ ఇటలీ శిల్పి బెర్నినీ పాపల చోటును ముందు బొగ్గుతో గుర్తు పెట్టుకున్నాడు. కంటి చుట్టూ ఉన్న నలుపు తెల్లరాతిలో కనబడాలంటే అక్కడ నిజం కన్నా లోతుగా తవ్వాలన్నది ఆయన వాదన. నా దృష్టిలో బస్టు విద్య మొత్తం ఆ మాటలోనే ఉంది. ఆ బస్టు భుజాల మీద ఎగిరే వస్త్రం కూడా రోమన్ సేనాని పైబట్ట పోలికే. భుజాల దగ్గర చేతులు తెగిపోయినట్టు కనబడకుండా అది కాస్తుంది.

మనిషి కొలతలోనే చెక్కితే నల్లగుడ్డు సుమారు 12 మి.మీ. ఉంటుంది. పాపకు 4 మి.మీ. బరమాతో పక్కపక్కనే రెండు రంధ్రాలు, పై రెప్ప కిందికి ఆనేలా, 6 మి.మీ. లోతున వేయండి. మధ్యలో మిగిలే చిన్న రాతి మొనే కంట్లో మెరుపు. డ్రిల్లు సుత్తి మోడ్‌లో ఉంటే ఆ మొన ఎగిరిపోతుంది, అతికించినా అతుకు తెలుస్తుంది. నీళ్ళు చుక్కలుగా పడుతూ, రాతిపిండి కొట్టుకుపోతూ ఉండాలి. చోటు ఒక మిల్లీమీటరు తప్పితే మెల్లకన్నే. చర్మాన్ని 120 నుంచి 800 నంబరు దాకా తడి ఎమరీ కాగితంతో నునుపు చేయండి, జుట్టును మాత్రం ఉలి గీతలతోనే వదిలేయండి.

విశాఖ దగ్గరి సింహాచలం కొండల్లో దొరికే ఖొండలైట్ రాయి ఈ పనికి వద్దు. గింజలు రాలిపోతాయి, సన్నని మొన నిలవదు. రాజస్థాన్‌లోని మక్రానా పాలరాయి తెప్పించుకోండి. విశాఖలో ఆరుబయట పెడితే మిట్టమధ్యాహ్నం వెలుగు నడినెత్తి నుంచి పడి కళ్ళు రెండూ చీకటి గుంటలవుతాయి. వరండాలో ఒక పక్క నుంచి వెలుగు వచ్చే చోటు చూడండి. పీఠంలోకి దించే కడ్డీ మామూలు ఇనుముదైతే ఉప్పుగాలికి తుప్పు పట్టి ఉబ్బుతుంది, రాయిని లోపలి నుంచి చీలుస్తుంది. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీయే వాడండి.