ఇంటి ఫైర్‌వాల్: యాడ్ బ్లాకింగ్ దాకా వచ్చిన పని

ఫోన్లో యాడ్ బ్లాకర్ పెట్టుకోవచ్చు, టీవీలో ఎలా పెడతాం? ఇంట్లో నెట్ వాడే ప్రతిదానికీ ఒకేచోట అడ్డుకట్ట వేయాలని ఓపీఎన్‌సెన్స్ మొదలుపెట్టాను. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే ఉచిత ఫైర్‌వాల్ ఇది, అంటే ఇంటికీ ఇంటర్నెట్‌కీ మధ్య కాపలా ఉండే సాఫ్ట్‌వేర్. 2015లో పీఎఫ్‌సెన్స్ అనే మరో ఫైర్‌వాల్ నుంచి విడిపోయి వచ్చింది. సైటు పేరు అడిగితే దాని ఐపీ అడ్రస్ చెప్పేది డీఎన్ఎస్. ఇందులో ఆ పని చేసే అన్‌బౌండ్‌కే బ్లాక్‌లిస్టులు, అంటే ఆపాల్సిన యాడ్ సర్వర్ల పేర్ల జాబితాలు ఇవ్వొచ్చు. యాడ్ల కోసం వేరే పెట్టె అక్కర్లేదు.

ఎన్100 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, నాలుగు ఇంటెల్ పోర్టులున్న ఫ్యాన్ లేని మినీ పీసీ తీసుకున్నాను. ఇంటికి ఇది ఎక్కువే. పెన్‌డ్రైవ్‌లో వీజీఏ ఇమేజ్ (మానిటర్ పెట్టి ఇన్‌స్టాల్ చేసుకునే ఫైల్) రాసి బూట్ చేశాక యూజర్‌గా ఇన్‌స్టాలర్, పాస్‌వర్డ్‌గా ఓపీఎన్‌సెన్స్ అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొడితే ఇన్‌స్టాల్ మొదలవుతుంది. డిస్క్‌కి జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఎంచుకోండి, కరెంటు పోయినప్పుడు ఫైళ్లు పాడయ్యే భయం తక్కువ. నేనైతే ఫైబర్ బాక్స్‌కీ దీనికీ కలిపి చిన్న యూపీఎస్ కూడా పెట్టాను.

ఫైబర్ బాక్స్‌ని బ్రిడ్జ్ మోడ్‌లోకి, అంటే రౌటర్ పని మానేసి కనెక్షన్‌ని అలాగే దాటించేలా మార్పించి, పీపీపీఓఈ లాగిన్ (నెట్ కంపెనీ ఇచ్చే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్) ఓపీఎన్‌సెన్స్‌లో ఇచ్చాను. బ్రిడ్జ్ కుదరకపోయినా పని ఆగదు. కాకపోతే రెండు పెట్టెలూ 192.168.1.1 మీదే ఉంటే గొడవ. కన్సోల్ మెనూలో 2 నొక్కి లాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) అడ్రస్‌ని 192.168.10.1 లాంటిదానికి మార్చుకోవాలి.

బ్లాక్‌లిస్ట్ పెట్టడం ఐదు నిమిషాల పని. సర్వీసెస్‌లో అన్‌బౌండ్, అందులో బ్లాక్‌లిస్ట్, అక్కడ ఓఐఎస్‌డీ అనే రెడీమేడ్ లిస్టుని టిక్ చేసి అప్లై కొట్టడమే. లిస్టు రోజూ తాజా అయ్యేలా క్రాన్‌లో (టైముకి పనులు నడిపేది) ఒక జాబ్ పెట్టాను. దొరికిన లిస్టులన్నీ కలిపేయడం నాకు నచ్చదు. ఒక మంచి లిస్టుతో మొదలుపెడితే ఏది ఎందుకు ఆగిందో తెలుస్తుంది.

అసలు పని ఆ తర్వాతే. ఫైర్‌వాల్ గుండా వెళ్లేది అప్పటికప్పుడు చూపే లైవ్ వ్యూ తెరిచి చూస్తే టీవీ మన డీఎన్ఎస్‌ని పట్టించుకోకుండా నేరుగా గూగుల్ డీఎన్ఎస్ 8.8.8.8ని అడుగుతోంది! మనం డబ్బు పెట్టి కొన్న టీవీ మన ఇంట్లోనే మన మాట వినకపోతే ఎలా? నాట్‌లో (అడ్రస్‌లు మార్చి దారి మళ్లించే భాగం) పోర్ట్ ఫార్వర్డ్ రూల్ రాశాను: లాన్ నుంచి బయటికి వెళ్లే 53 పోర్ట్ (డీఎన్ఎస్ వాడేది) టీసీపీ, యూడీపీ రెండూ 127.0.0.1కి, అంటే ఫైర్‌వాల్‌కే మళ్లాలి. టీవీ ఎవర్ని అడిగినా జవాబు మాత్రం అన్‌బౌండే ఇస్తుంది. ఆండ్రాయిడ్‌లో ప్రశ్నలు బయటికి కనిపించకుండా పంపే ప్రైవేట్ డీఎన్ఎస్ వాడే 853 పోర్ట్‌ని మూసేశాను. ఫోన్లో అది ఆటోమేటిక్‌లో ఉంటే మామూలు డీఎన్ఎస్‌కి వచ్చేస్తుంది. ఎవరైనా సర్వర్ పేరు చేత్తో రాసి ఉంటే మాత్రం ఆ ఫోన్‌కి నెట్ ఆగిపోతుంది, ముందే చూసుకోండి. హెచ్‌టీటీపీఎస్‌లో దాగి వెళ్లే డీఎన్ఎస్‌ని పూర్తిగా ఆపడం కష్టం, తెలిసిన సర్వర్ల పేర్లను బ్లాక్ చేయడం వరకే.

యూట్యూబ్ యాడ్లు దీనితో పోవు. వీడియో వచ్చే చోటినుంచే అవీ వస్తాయి కాబట్టి డీఎన్ఎస్‌కి తేడా తెలియదు. న్యూస్ సైట్లు మాత్రం హాయిగా తెరుచుకుంటున్నాయి.

వాట్సాప్‌లో వచ్చిన ఆఫర్ లింకులు తెరుచుకోవట్లేదని అమ్మ చెప్పింది. అవి ట్రాకింగ్ డొమైన్ మీదుగా వెళ్లే లింకులు. రిపోర్టింగ్‌లో అన్‌బౌండ్ వివరాలు తెరిస్తే ఆగిన పేరు కనిపిస్తుంది, పక్కనే వైట్‌లిస్ట్ బటన్ ఉంటుంది. దీనికి ముందు రిపోర్టింగ్ సెట్టింగ్స్‌లో అన్‌బౌండ్ లెక్కలు ఆన్ చేసి ఉండాలి. ఇంట్లోవాళ్లు చెప్పిన వెంటనే ఇది సరిచేయాలి, లేకపోతే ఫైర్‌వాల్ తీసెయ్ అంటారు.

ఇక మిగిలింది టీవీని వేరే వీలాన్‌లోకి, అంటే అదే తీగల మీద విడిగా నడిచే నెట్‌వర్క్‌లోకి మార్చడం. దానికి వీలాన్ తెలిసిన స్విచ్, యాక్సెస్ పాయింట్ కావాలి, వాటి కోసం చూస్తున్నాను.